ఆ నోట్ల మీద ఉన్నవాళ్ళెవరో మన పిల్లలకి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో విదేశీ వైద్య విద్య మీద వేసిన ప్రత్యేక పేజీ చదివాను. అందులో కిర్గిజ్‌స్థాన్‌కి సగం పేజీ ఇచ్చారు. ఫీజు ఎంతవుతుంది, హాస్టల్లో మన వంట దొరుకుతుందా, చలికి ఏమేం కొనుక్కెళ్ళాలి, తిరిగొచ్చాక ఏ పరీక్ష రాయాలి, అన్నీ వివరంగా ఉన్నాయి. పిల్లని పంపే ముందు నేనూ ఇవే వివరాల కోసం నలుగురి ఇళ్ళ చుట్టూ తిరిగాను కాబట్టి ఆ పేజీ విలువ నాకు తెలుసు. కానీ అక్కడి మనుషుల గురించి అందులో ఒక్క ముక్క లేదు. వాళ్ళెవరు, ఏం పాడుకుంటారు, ఎవరిని తలుచుకుంటారు అన్నది లేదు. మొన్న ఒక పెళ్ళిలో నా పక్కన కూర్చున్నావిడ, వాళ్ళబ్బాయిని ఈ ఏడు కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్ పంపుతున్నారట, "అక్కడేముందండీ, ఫీజు తక్కువనే గానీ" అంది. ఆమెకి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పెద్దదైంది, ఓపిగ్గా చదవమని మనవి.

మాది తెనాలి. నేను బ్యాంకులో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం క్యాష్ కౌంటర్లోనే. మా అమ్మాయి బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదివింది. చదువు పూర్తయ్యే ముందు, 2023 జూన్‌లో, నేను వెళ్ళి మూడు వారాలు దాని దగ్గర ఉండి, దాన్ని వెంటబెట్టుకుని వచ్చాను.

దిగిన మర్నాడు డబ్బు మార్చుకోవడానికి వెళ్ళాం. అక్కడి డబ్బుని సోము అంటారు. అప్పట్లో అటూ ఇటూగా మన రూపాయితో సమానం కాబట్టి లెక్క తేలిక. కౌంటర్లో అబ్బాయి నోట్లు ఇచ్చాడు. నోట్లు చేతికి రాగానే బొమ్మలన్నీ ఒకవైపుకి వచ్చేలా సర్దడం మా క్యాషియర్లకి చేతి అలవాటు. సర్దుతుంటే చెయ్యి ఆగింది. ఒక్కో నోటు మీద ఒక్కో ముఖం. వెయ్యి నోటు మీద తలపాగా పెద్దాయన. 500 మీద ముసలాయన. 200 మీద పడుచువాడు. అమ్మాయిని అడిగాను, "ఎవరే వీళ్ళంతా? రాజులా?" అని. "ఏమోనమ్మా, ఎప్పుడూ చూళ్ళేదు" అంది.

దాన్ని తప్పు పట్టను. పొద్దున లేస్తే క్లాసులు, డ్యూటీలు, పరీక్షలు. కానీ అయిదేళ్ళకు పైగా రోజూ చేతులు మారిన నోట్లవి. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

మా అమ్మాయి చివరి రెండేళ్ళూ ఒక పెద్దావిడ ఇంట్లో గది తీసుకుని ఉంది. సంగీతం బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. మా పిల్ల ఆమెని "ఆపా" అనేది. అక్కడ అమ్మనీ, అమ్మ వయసు వాళ్ళనీ అలాగే పిలుస్తారట. నేనూ ఆపా అనే పిలిచాను. ఆమె రష్యన్‌లో చెబితే మా అమ్మాయి తెలుగులో చెప్పేది. ఆ రాత్రి నా నోట్లు ఆమె ముందు పెట్టి, వీళ్ళెవరమ్మా అని అడిగాను. ఆమె నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. ఇన్నేళ్ళలో ఎంతమందో పిల్లలు ఆ ఇంట్లో ఉండి వెళ్ళారట, ఒక్కరూ అడగలేదట. లేచి వెళ్ళి బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చింది. దాని పేజీల మధ్య పాత చిన్న నోట్లు, 1, 5, 10 సోములవి, దాచిపెట్టుకుంది. ఇప్పుడు వాటి స్థానంలో నాణేలు వచ్చాయి. టీ కప్పులు పక్కకి జరిపి బల్ల మీద నోట్లన్నీ వరసగా పరిచింది.

ఒకటి మీద అబ్దిలాస్ మల్దిబాయెవ్, స్వరకర్త. అక్కడి ఒపేరా నాటకశాల ఈయన పేరు మీదే ఉంది. అయిదు మీద బూబూసారా బేయ్‌షెనాలియెవా, నర్తకి. పది మీద కాసిం తినిస్తానొవ్, కవి, భాషా పండితుడు. ఇరవై మీద తొగొలోక్ మొల్దో, వంద మీద టోక్తోగుల్, ఇద్దరూ పాటగాళ్ళే. 200 మీద అలికుల్ ఒస్మోనొవ్, కవి. 500 మీద సాయక్‌బాయ్ కరలాయెవ్, కథ చెప్పేవాడు. వెయ్యి మీద 11వ శతాబ్దపు కవి జుసుప్ బలసగిన్. అన్నిటికన్నా పెద్దదైన 5000 నోటు మీద సుయ్‌మెన్‌కుల్ చొక్‌మొరొవ్, సినిమా నటుడు, చిత్రకారుడు. పది నోట్లలో పాలన చేసిన మనిషి ఒక్కరే, 50 మీద ఉన్న కుర్మంజాన్ దాత్కా అనే ఆమె. మిగతా తొమ్మిది మందీ పాడినవాళ్ళు, రాసినవాళ్ళు, ఆడినవాళ్ళు, కథ చెప్పినవాళ్ళు.

34 ఏళ్ళు నోట్లు లెక్కపెట్టిన చేతులు నావి. ఆ బల్ల ముందు కూర్చుని, చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి.

దానికి కారణం మా నాన్న. మా నాన్న బుర్రకథ దళంలో వంత. కథకుడు తంబుర భుజాన వేసుకుని, వేళ్ళకి అందెలు తొడుక్కుని "వినరా వీరకుమారా" అంటే, పక్కన గుమ్మెట వాయిస్తూ "తందాన తాన" అని అందుకునే ఇద్దరిలో ఒకడు. హాస్యం వంత. మా జిల్లాలో పొన్నెకల్లు నాజర్ గారి కథ విని ఆ పిచ్చిలో పడ్డ కుర్రాళ్ళు ఊరికి పదిమంది ఉండేవారట, నాన్న వాళ్ళలో ఒకడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం రాత్రంతా చెప్పేవారు. తెల్లారితే మళ్ళీ పొగాకు బ్యారన్‌లో కూలికి వెళ్ళేవాడు. పెద్దయ్యాక పేద కళాకారుల పింఛను కోసం ఒక ఆఫీసుకి తిరిగాడు. ప్రోగ్రాముల ఫోటోలు, సర్టిఫికెట్లు తెమ్మన్నారు. లాంతరు వెలుగులో ఊరి నడుమ చెప్పిన కథలకి ఫోటోలు ఎక్కడివి? మూడుసార్లు తిరిగి మానేశాడు. "పోనీలే అమ్మా, విన్నవాళ్ళకి తెలుసుగా" అన్నాడు. విన్నవాళ్ళూ పోయారు, ఆయనా పోయాడు.

ఆపా చెప్పినవాటిలో రెండు మూడు మాత్రం ఇక్కడ రాస్తాను.

500 నోటు మీది సాయక్‌బాయ్ కరలాయెవ్ 1894లో పుట్టి 1971లో పోయాడు. పేదింటి పిల్లవాడు, గొర్రెలు కాశాడు. ఆయన మనాస్చీ, అంటే మనాస్ కథ చెప్పేవాడు. మనాస్ అనే వీరుడు, అతని కొడుకు సెమెతెయ్, మనవడు సెయ్‌తెక్, మూడు తరాల కథ. దీన్ని వాయిద్యం లేకుండా ఒట్టి గొంతుతో చెప్పాలి. ఆయన చెప్పగా రాసుకున్నవి అయిదు లక్షల పైచిలుకు పాదాలు. మహాభారతం లక్ష శ్లోకాలంటాం, శ్లోకాన్ని రెండు వరసలుగా లెక్కేసినా రెండు లక్షలు. వాళ్ళ పాదం చిన్నదే, నిజమే. అయినా ఒక్క మనిషి నోట అన్ని పాదాలు! ఆయనకన్నా ముందు తరం మనాస్చీ సగింబాయ్ ఒరోజ్‌బకోవ్ దగ్గర 1920ల్లో కూర్చుని రాసుకున్నది లక్షా 80 వేల పాదాలు, అదీ మొదటి తరం కథ మాత్రమే. ఆ రాత మధ్యలో ఆగిపోయింది, 1930లో ఆయన పోయాడు. మిగతా రెండు తరాల కథా ఆయనతోనే పోయింది.

గుడారాలు వేసుకుని, మందల వెంట కొండ మీదికీ కిందికీ తిరిగిన జనం వాళ్ళు. కోటలు లేవు, గుళ్ళు తక్కువ, కాగితం తక్కువ. ఎవరి పూర్వీకుడు ఎవరు, ఏ తెగకి ఏ తెగ చుట్టం, చనిపోయినవాడిని ఎలా సాగనంపాలి, పెళ్ళి ఎలా చేయాలి, ఏ కనుమ దాటితే ఏ ఊరు, అన్నీ ఆ కథలోనే ఉంటాయట. కథ చెప్పేవాడు మర్చిపోతే జాతి మర్చిపోయినట్టే. అందుకని వాళ్ళ దృష్టిలో మనాస్చీ సరదాకి పిలిచే మనిషి కాదు. మన పల్లెల్లో శాసనాలూ కరణాల కవిలెలూ చేసిన పని అక్కడ ఒక గొంతు చేసింది.

ఆపా వాళ్ళ ఊరు తలాస్ దగ్గర. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళింది. బిష్కెక్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు, రెండు పెద్ద కనుమలు దాటాలి. జూన్‌లో కూడా కనుమల మీద మంచు. మనాస్ సమాధి అని చెప్పుకునే గోపురం తలాస్‌కి దగ్గర్లోనే ఉంది, 1334 నాటి కట్టడం. దాని ముఖద్వారం మీద చెక్కిన పేరు మాత్రం ఒక స్త్రీది. శత్రువులు వచ్చి సమాధిని పాడుచేయకుండా మనాస్ భార్య కనికేయ్ కావాలనే వేరే పేరు చెక్కించిందని జనం చెప్పుకుంటారు. చరిత్రకారులు ఏమన్నా అననివ్వండి, అక్కడికి వచ్చిన ఆడవాళ్ళు ఆ గోడ మీద చెయ్యి ఆనించి కనికేయ్ పేరు తలుచుకోవడం నేను చూశాను.

ఆ సాయంత్రం ఆపా చెల్లెలి ఇంట్లో, ఆమె మనవడు, పదేళ్ళవాడు, మాకోసం మనాస్ చెప్పాడు. ఇది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. నేల మీద పరిచిన ఉన్ని తివాచీ, ఎరుపూ నలుపూ ముక్కలు కత్తిరించి కుట్టింది, షిర్దాక్ అంటారు. పిల్లవాడు దాని మీద మడమల మీద కూర్చున్నాడు. తెల్లటి ఉన్ని టోపీ తల మీద సర్దుకున్నాడు. కాసేపు కళ్ళు కిందికి దించి ఊరుకున్నాడు. తర్వాత "ఏ...య్" అని ఒక దీర్ఘం తీశాడు. దాంతో ఇల్లంతా సద్దుమణిగింది. మొదట మెల్లగా, చదువుతున్నట్టే. పది పాదాలు అయ్యేసరికి నడక పట్టుకుంది. నాన్న కూతుర్ని కదా, వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టుకున్నాను. పాదానికి ఏడు, ఒక్కోసారి ఎనిమిది. గుర్రం నడిచినంత సేపు ఒక నడక, యుద్ధం వచ్చేసరికి ఊపిరి తీసుకోనివ్వని పరుగు. కుడి చెయ్యి బల్లెం విసిరింది, ఎడమ చెయ్యి కళ్ళెం లాగింది. నుదుటి మీద చెమట. వాడి చిన్నతాత ఒకాయన గుమ్మం దగ్గర కూర్చుని, పాదం చివర గట్టిగా "ఊఁ" అనేవాడు. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా, ఆ "ఊఁ" ఎక్కడ పడుతుందో నాకు ముందే తెలిసిపోతోంది. అది మా నాన్న "తందాన" పడే చోటు. ఇరవై నిమిషాల తర్వాత పిల్లవాడు ఆగి, టోపీ తీసి తల గోక్కుని, బ్రెడ్డు మీద ఆప్రికాట్ జామ్ వేసుకుని తినడం మొదలుపెట్టాడు. మళ్ళీ మామూలు పిల్లవాడైపోయాడు.

ఎవరు నేర్పారు అని అడిగాను. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదట, విని విని వచ్చిందట. పెద్ద మనాస్చీలు కలలో మనాసే కనిపించి చెప్పమన్నాడంటారు. సాయక్‌బాయ్ కూడా అదే చెప్పేవాడట. "వీడికి ఇంకా కల రాలేదు" అంది వాళ్ళ నాయనమ్మ, ఎంతో మామూలుగా, పాలపళ్ళు ఇంకా ఊడలేదన్నట్టు.

ఇక 5 సోముల నోటు. బూబూసారా 1926లో ఒక పల్లెటూళ్ళో పుట్టింది. బ్యాలే అనే మాటే తెలియని ఊరు. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఎంపిక చేసి లెనిన్‌గ్రాడ్ నాట్యం బడికి పంపారు. అగ్రిప్పీనా వాగనొవా అనే మహా గురువు దగ్గర నేర్చుకుంది. తిరిగొచ్చి కిర్గిజ్‌లలో తొలి బ్యాలే నర్తకి అయింది, 1958లో సోవియట్ దేశంలో కళాకారులకిచ్చే అతి పెద్ద బిరుదు అందుకుంది. 1973లో, 47 నిండకుండానే క్యాన్సర్‌తో పోయింది. ఆపా వాళ్ళమ్మ ఒకసారి ఆమె నాట్యం చూసిందట. మందలు కాసుకునే ఇంటి ఆడమనిషి, చివరి వరసలో కూర్చుని. ఇంటికొచ్చి ఏమీ చెప్పలేక, వంటింట్లో కాలి మునివేళ్ళ మీద నిలబడి చూపించిందట. ఆపా అది చెబుతూ తనూ లేచి, ఆ వయసులో, బల్ల అంచు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడింది.

అప్పట్లో ఆ నేలని ఏలిన సోవియట్ రాజ్యం కళాకారులకి మేలే చేసిందని నేను అనడం లేదు. 10 సోముల నోటు ఆ అపోహ తీరుస్తుంది. కాసిం తినిస్తానొవ్ 1901లో పుట్టాడు. కిర్గిజ్ భాషకి వ్యాకరణం రాశాడు, అక్షరమాల దిద్దాడు, కవిత్వం రాశాడు. 1938లో ఆయన్ని కాల్చేశారు. ఆయనతో కలిపి 130 మందికి పైగా చంపి, వాళ్ళని బిష్కెక్ బయట చొంగ్‌తాష్ అనే ఊరి దగ్గర, పాత ఇటుకల బట్టీలో పడేసి పూడ్చారు. ఆ చోటు కాపలా కాసిన ఒకాయన చనిపోయే ముందు తన కూతురికి ఆ రహస్యం చెప్పాడు. ఆమె ఏళ్ళ తరబడి కడుపులో దాచుకుని, రోజులు మారాక బయటపెట్టింది. 1991లో తవ్వారు. ఎముకల మధ్య ఒకరి జేబులో నేరారోపణ కాగితం చెడకుండా దొరికింది. దాని మీద పేరు తొరెకుల్ ఐత్‌మాతొవ్. రచయిత చింగీజ్ ఐత్‌మాతొవ్ తండ్రి. తండ్రిని చంపేనాటికి చింగీజ్ పదేళ్ళు నిండని పిల్లవాడు. తండ్రి ఎక్కడున్నాడో 50 ఏళ్ళు దాటాక తెలిసింది.

చింగీజ్ ఐత్‌మాతొవ్ మనకి కొత్తవాడేమీ కాదు. ఆయన నవలిక జమీల్యా మాస్కో నుంచి తెలుగులోనే అచ్చయి వచ్చింది. విశాలాంధ్ర పుస్తకాల షాపులో కొని నాన్న నాకు తెచ్చిచ్చాడు. కథ చెప్పేవాడు ఒక చిత్రకారుడు, తన గోడకున్న బొమ్మ చూస్తూ మొదలుపెడతాడు. పదో తరగతిలో ఆ పుస్తకం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. కానీ అది కిర్గిజ్ కథ అని నాకు తెలియదు. "రష్యా పుస్తకం" అనేవాళ్ళం అందరం. మా అమ్మాయిని పంపింది జమీల్యా నడిచిన నేలకేనని బిష్కెక్‌లో ఆపా చెప్పేదాకా నాకూ తట్టలేదు. కాబట్టి పిల్లల్నే అనడం లేదు, నన్ను నేనూ అనుకుంటున్నాను.

ఇటుకల బట్టీ ఉన్నచోట 2000లో స్మారకం కట్టారు. దాని పేరు అతా-బెయిత్, తండ్రుల సమాధి అని అర్థం. 2008లో చింగీజ్ పోతే తండ్రి పక్కనే, అక్కడే పెట్టారు. మేం వెళ్ళిన రోజు ఎవరో బడిపిల్లలు వచ్చి ఉన్నారు. ఒక పిల్ల తన జడలోని పువ్వు తీసి ఆయన సమాధి మీద పెట్టింది. అక్కడ నిలబడి నేను ఆపా ఇచ్చిన 10 సోముల నోటు తీసి చూశాను. ఈ ముఖం, ఈ మట్టి. చంపిన రాజ్యం బొమ్మలు నోట్ల మీద నుంచి పోయాయి. చచ్చిపోయినవాడి బొమ్మ వచ్చింది.

బ్యాంకు మనిషిని కాబట్టి ఇది నాకు ఎక్కువ పట్టింది. నోటు మీది ముఖం ఊరికే వేసేది కాదు. కిర్గిజ్‌స్థాన్ 1991 ఆగస్టు 31న స్వతంత్రమైంది, 1993 మేలో సొంత నోటు తెచ్చుకుంది. అంతవరకూ రూబుల్ మీద లెనిన్. లెనిన్‌ని తీసేశాక ఆ చోట ఎవరిని కూర్చోబెట్టాలి? ఏ తెగవాడు చూసినా, ఉత్తరాది వాడు చూసినా దక్షిణాది వాడు చూసినా, మావాడే అనుకునే మనిషి కావాలి. అప్పుడు వాళ్ళకి పాటగాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళొక్కరే కాదు. అదే ఏడాది నవంబరులో కజకిస్థాన్ టెంగే తెచ్చుకున్నప్పుడు దాని 5 నోటు మీద దొంబ్రా వాద్యకారుడు కుర్మాన్‌గజీ, 20 మీద కవి అబాయ్. జార్జియా డబ్బు పేరు లారీ, దాని 1 నోటు మీద చిత్రకారుడు పిరోస్మానీ, 100 మీద మధ్యయుగపు కవి రుస్తావేలి. ఆ రుస్తావేలి కావ్యాన్ని కిర్గిజ్ భాషలోకి తెచ్చింది ఎవరనుకున్నారు? 200 సోముల మీద ఉన్న అలికుల్ ఒస్మోనొవ్. తల్లీతండ్రీ లేక అనాథాశ్రమంలో పెరిగి, క్షయతో 35 ఏళ్ళకే పోయినవాడు. ఒక దేశం నోటు మీది కవిని ఇంకో దేశం నోటు మీది కవి తన భాషలో పాడుకున్నాడు. ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మన నోట్ల మీద కళ లేదని అనను. 10 రూపాయల వెనక కోణార్క, 20 వెనక ఎల్లోరా, 50 వెనక హంపీ రథం, 100 వెనక గుజరాత్ రాణీ గారి మెట్లబావి. రోజుకి కొన్ని వేలసార్లు నా వేళ్ళు ఆ రాళ్ళ మీద నడిచాయి. అన్నీ శిల్పుల చేతిపనే. కానీ ఆ రథం చెక్కినవాడి పేరు ఎవరికీ తెలియదు. మా నాన్న పేరూ అంతే. పని నిలిచింది, మనిషి పేరు పోయింది. అక్కడ మనిషి పేరు నిలబెట్టుకున్నారు, ఈ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపించింది.

ఆ దేశంలో ఇప్పుడు కళాకారులందరూ సుఖంగా ఉన్నారనుకోవద్దు. ఆపా పింఛను చాలకనే గది అద్దెకిచ్చింది. ఆమె బల్ల పక్కన గోడకి మూడు తీగల కొముజ్ వేలాడుతుంటుంది, ఆప్రికాట్ చెట్టు కర్రతో చేసింది. టోక్తోగుల్ వాయించిన వాద్యం అదే. ఆయన్ని 1898 తిరుగుబాటులో ఉన్నాడన్న నెపంతో జారు ప్రభుత్వం సైబీరియాకి పంపింది. తప్పించుకుని కాలినడకన ఇల్లు చేరాడని చెప్పుకుంటారు. ఇవాళ ఆ దేశంలో పెద్ద జలవిద్యుత్ కేంద్రం పేరు టోక్తోగుల్, బిష్కెక్ నడిబొడ్డున సంగీత సభామందిరం పేరు టోక్తోగుల్. దాని ముందే మనాస్ విగ్రహం, పక్కన మనాస్చీల విగ్రహాలు. మన పిల్లలు సాయంత్రం షికారుకెళ్ళి ఫోటోలు దిగేది అక్కడే. ఎవరి పక్కన నిలబడి దిగుతున్నారో వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు.

2024 మేలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల మీద గొడవలు జరిగినప్పుడు మన ఇళ్ళల్లో ఎంత టెన్షన్ పడ్డామో మీకు తెలుసు. మా వీధిలో అబ్బాయి అక్కడే ఉన్నాడు. వాళ్ళమ్మ రాత్రంతా మా ఇంట్లోనే కూర్చుంది. మా అమ్మాయి ఆపాకి ఫోన్ చేసింది. ఆపా ఆ అబ్బాయినీ, వాడి స్నేహితులు ముగ్గుర్నీ తన ఇంటికి పిలిపించుకుని నాలుగు రోజులు బయటికి పంపలేదు. ఆ నాలుగు రోజులూ కొముజ్ వాయించి వినిపించిందట. ఆ గొడవ చేసినవాళ్ళని నేను వెనకేసుకురాను, పిల్లల్ని కొట్టడం ఏ దేశంలోనైనా తప్పే. కానీ ఆ వారమంతా మన టీవీల్లో ఆ దేశం అంటే ఆ వీడియోలే. అందులో ఆపా లేదు.

అందుకని మీకు నా మనవి ఇది. ఫీజుల పేజీ వేయండి, అది కావాలి. దాంతోపాటు, మన పిల్లలు వెళ్ళే ఒక్కో దేశం గురించి ఒక కాలమ్ వేయండి. అక్కడివాళ్ళు ఏ కథ చెప్పుకుని పెరిగారో, ఏ వాద్యం గోడకి తగిలించుకుంటారో రాయండి. రాసేవాళ్ళు దొరక్కపోతే ఆ దేశాల్లో చదివి వచ్చిన పిల్లల్నే అడగండి. పంపే తల్లిదండ్రులకి ఒక్క మాట: పిల్లలకి ఆవకాయ ప్యాక్ చేసేటప్పుడే, ఆ ఊళ్ళో పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడమని చెప్పండి. అక్కడ మనాస్చీల సభలు, ఐతిష్‌లు జరుగుతుంటాయి. ఐతిష్ అంటే ఇద్దరు పాటగాళ్ళు ఎదురెదురుగా కూర్చుని, అప్పటికప్పుడు పాట కట్టి ఒకరి మాటకి ఒకరు జవాబు చెప్పుకోవడం. మన ఆశుకవిత్వం తెలిసిన పిల్లలకి అది విడమరచి చెప్పక్కర్లేదు, వింటే చాలు. మన పిల్లల దగ్గర మన కథ అడిగితే చెప్పడానికి ఒకటైనా ఉండాలి కాబట్టి, వెళ్ళే ముందు ఒక బుర్రకథో ఒగ్గుకథో వాళ్ళ చెవిన పడేలా చూడండి. తలాస్‌లో ఆ పిల్లవాడు అయిపోయాక నన్ను అడిగాడు, "మీ మనాస్ ఎవరు?" అని. నేను బ్రహ్మనాయుడి కథ మొదలుపెట్టాను. మా అమ్మాయి అనువాదం చేస్తూ చేస్తూ మధ్యలో ఆగి, "అమ్మా, ఇది తాతయ్య చెప్పిన కథేనా? నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది.

నేను వచ్చేసే రోజు ఆపా తన పుస్తకంలోని 5 సోముల నోటు తీసి నా చేతిలో పెట్టింది. దాన్ని ఫోటో తీయించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. స్థలం ఉంటే అచ్చు వేయండి. కింద పేరు మాత్రం వదలకుండా రాయండి: బూబూసారా బేయ్‌షెనాలియెవా, నర్తకి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని,
తెనాలి.